ముక్కుకీ నోటికీ మధ్య తలుపు (మన గొంతు, మన మాట: మూడో పాఠం)

పోయిన పాఠంలో గొంతు దగ్గర ఆగాం. మెడ ముందు గట్టిగా తగిలే చోట రెండు వేళ్లు పెట్టి "శ్శ్శ్" అంటే ఏమీ తెలియదు, "ఊఊఊ" అంటే వేళ్లకి అదురు తెలుస్తుంది, అది రోజూ చేయమన్నా కదా. చేసినవాళ్లకి ఈ పాఠం తేలిగ్గా ఎక్కుతుంది, చేయనివాళ్లు ఇప్పుడే ఒక్క నిమిషం చేసేసి రండి, ఎందుకంటే అక్కడ పుట్టిన ధ్వని పైకి వచ్చాక ఎటు పోతుంది అన్నదే ఇవాళ్టి సంగతి.

పైకొచ్చిన ధ్వనికి రెండు దారులున్నాయి, ఒకటి నోరు, ఇంకోటి ముక్కు. ఏ అక్షరానికి ఏ దారి తెరవాలి అన్నది తేల్చేది నోట్లో వెనకవైపు ఉండే ఒక మెత్తటి కండ. మాట్లాడేటప్పుడు అది సెకనులో పదో వంతు, కొంచెం అటూ ఇటూగా, అంత కాసేపట్లో లేచి దిగిపోతూ ఉంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. నేను పిల్లలకి మాట నేర్పించే పనిలో ఉన్నా, నా దగ్గరకొచ్చే అమ్మానాన్నల్లో చాలామంది నాలుక గురించి అడుగుతారు, పెదవుల గురించి అడుగుతారు, పళ్ల గురించి అడుగుతారు, ఈ కండ గురించి అడిగినవాళ్లు బహు తక్కువ. అందుకే దీనికి ఒక పాఠం మొత్తం ఇస్తున్నా. ఈ పాఠం అయ్యేసరికి మీ తలుపు ఎప్పుడు మూసుకుందో ఎప్పుడు తెరుచుకుందో మీకే తెలియాలి, పక్కవాళ్ల మాట విని కూడా గుర్తుపట్టగలగాలి. ఈ వారం మీరు నేర్చుకోవాల్సిన విద్య ఇదే.

ముందు అద్దం, టార్చ్

అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్ వేసుకుని నోరు బాగా తెరవండి. ముందు చూడటం కంటే నాలుకతో తడమడం మంచిది, పై పళ్ల వెనక నాలుక కొస పెట్టి మెల్లగా వెనక్కి రాసుకుంటూ వెళ్లండి. మొదట గరుగ్గా గట్లు గట్లుగా ఉంటుంది, తర్వాత నున్నగా గట్టిగా ఉంటుంది, అదంతా ఎముక మీద ఉన్న గట్టి అంగిలి. ఇంకా వెనక్కి మడిస్తే ఒకచోట హఠాత్తుగా మెత్తబడిపోతుంది, అక్కడ ఎముక అయిపోయింది, కండ మొదలైంది. అదే మెత్తటి అంగిలి, పుస్తకాల్లో మృదుతాలువు అంటారు. దాని చివర వేలాడేది కొండనాలుక. దానికి రెండు పక్కలా కమానుల్లాగా రెండేసి మడతలు దిగుతాయి, ఆ రెండు మడతల మధ్య సందులో ఉండేవి టాన్సిల్స్, వీటన్నిటి వెనక ఎర్రగా తడిగా కనపడేది గొంతు వెనక గోడ.

ఇప్పుడు పొట్టిగా "ఆ, ఆ, ఆ" అనండి. అన్నప్పుడల్లా మెత్తటి అంగిలి పైకి లేస్తుంది, ఆపగానే దిగుతుంది. కనపడకపోతే ఒక ఆవలింత తెచ్చుకోండి, ఆవలింతలో అది బాగా పైకి లేస్తుంది, గొంతు వెనక ఏదో గది తెరుచుకున్నట్టు ఉంటుంది చూడండి, ఆ ఫీలింగ్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట. అద్దంలో మీరు చూసింది తలుపు కింది వైపు మాత్రమే. అసలు మూసుకునేది ఇంకా పైన, కొండనాలుక కంటే పైన, అంగిలి మోకాలు లాగా వంగి గొంతు వెనక గోడకి ఆనుకునే చోట, అది నోట్లోంచి కనపడదు. కాబట్టి ఎవరైనా టార్చ్ వేసి చూసేసి "బాగానే కదులుతోంది, మాటకేం ఢోకా లేదు" అనేస్తే ఆ మాట నమ్మి ఊరుకోకండి. నిజంగా చూడాలంటే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి పైనుంచి చూడాలి, లేదంటే మాట్లాడుతుండగా ఎక్స్‌రే వీడియో తీయాలి. అలాగే కొండనాలుకని కూడా మనవాళ్లు అనవసరంగా తిడతారు, పొడి దగ్గు వస్తే కొండనాలుక పెరిగింది అంటారు, మాట సరిగ్గా రాకపోతే కొండనాలుక పొట్టిగా ఉంది అంటారు. తలుపు మూయడంలో దానికి పెద్ద పాత్ర లేదు, పొట్టిదైనా పొడుగుదైనా తెలుగు మాట్లాడటానికి అడ్డం రాదు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది అని సామెత ఉండనే ఉంది కదా, దాని జోలికి పోకండి. ఒక్క సందర్భంలో మాత్రం దాన్ని చూడాలి, ఎప్పుడో కింద చెప్తా.

అమ్మమ్మ, అబ్బబ్బ

ఇప్పుడు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుని "అమ్మమ్మ" అనండి. ఏమొచ్చింది? "అబ్బబ్బ" లాంటిది వచ్చింది కదా. అలాగే మూసుకుని "నాన్న" అనండి, "దాద్ద" లాగా వస్తుంది. జలుబు చేసినప్పుడు మన మాట ఇలాగే ఉంటుంది. అంటే మ కీ బ కీ పెదవుల పని ఒకటే, గొంతు అదురు ఒకటే, తేడా అంతా ముక్కు దారి తెరిచి ఉందా లేదా అన్నదే. న కీ ద కీ కూడా అంతే.

చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్ణమాల ఒకసారి గుర్తుతెచ్చుకోండి. క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ, ట ఠ డ ఢ ణ, త థ ద ధ న, ప ఫ బ భ మ. ఇది వట్టి జాబితా కాదు, మన నోటి మ్యాప్. పైనుంచి కిందికి చదివితే నోట్లో వెనక నుంచి ముందుకి వస్తాం, క మెత్తటి అంగిలి దగ్గర, చ గట్టి అంగిలి దగ్గర, ట ఇంకొంచెం ముందు నాలుక పైకి మడిచి, త పళ్ల దగ్గర, ప పెదవుల దగ్గర. ఇక ప్రతి వరసలో ఐదో అక్షరం చూడండి, ఙ ఞ ణ న మ, ఈ ఐదింటికే ముక్కు తలుపు తెరుచుకుంటుంది, మిగిలిన ఇరవైకీ మూసుకుని ఉండాలి. పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయి, దాని మొదటి అధ్యాయం మొదటి పాదంలోనే ఎనిమిదో సూత్రం దీని గురించే, నోరూ ముక్కూ కలిపి పలికేది అనునాసికం అని. ఎక్స్‌రే లేదు, కెమెరా లేదు, వట్టి చెవితో, తన నోటిని తను తడుముకుని కనిపెట్టారు. మనం ఈ వారం చేయబోయేది కూడా అదే పని.

సున్న సంగతి ఇంకా బావుంటుంది. "అంగడి, కంచె, గంట, అంత, పంపు", ఈ ఐదు మాటలు నెమ్మదిగా అనండి, ప్రతి మాటలోనూ సున్న దగ్గర ఆగి నాలుక ఎక్కడుందో చూసుకోండి. రాయడానికి ఒకే గుండ్రం, పలకడానికి ఐదు చోట్లు, వెనక ఏ అక్షరం వస్తుందో నాలుక ముందే అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. మారనిది ఒక్కటే, తలుపు తెరిచి ఉండటం. నా మటుకు నాకు, సున్న అంటే తలుపు తీయమని రాసిన గుర్తు.

ఇంకోటి, మనం "మామయ్య" అని రాస్తాం, ఇంట్లో పిలిచేటప్పుడు "మావయ్య" అంటాం, మామిడి "మావిడి" అయిపోతుంది. జాగ్రత్తగా వింటే ఆ వ ఉత్త వ కాదు, ముక్కులోంచి వచ్చే వ, చాలామంది నోట అది "మాఁవయ్య" లాగా ఉంటుంది. పెదవులు మూసుకోవడం మానేశాయి కానీ తలుపు మాత్రం పాత అలవాటు ప్రకారం తెరుచుకునే ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల నోట్లో వినండి.

తలుపు ఎలా లేస్తుంది

ఇంట్లో చీరతో ఉయ్యాల కట్టడం చూసి ఉంటారు. రెండు కొసలు పైన దూలానికి కట్టి ఉంటాయి, మధ్యలో జోలె వేలాడుతుంది. మెత్తటి అంగిలిని లేపే కండ సరిగ్గా అలాగే ఉంటుంది, పేరు లివేటర్, కుడి చెవి లోపలి వైపు పుర్రె ఎముక నుంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఒకటి దిగి వచ్చి అంగిలి మధ్యలో కలుసుకుంటాయి. రెండు కొసలూ బిగిస్తే జోలె పైకీ వెనక్కీ లేస్తుంది, లేచి గొంతు వెనక గోడకి ఆనుతుంది. అదే సమయంలో పక్క గోడలు కూడా లోపలికి జరుగుతాయి, సంచి మూతి తాడు లాగినట్టు. అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి అంగిలే ఎక్కువ పని చేస్తుంది, కొందరికి పక్క గోడలు ఎక్కువ జరుగుతాయి, కొందరికి వెనక గోడ మీద ఒక గట్టు లేచి ముందుకొస్తుంది, ఆ గట్టుని 1860ల్లో వివరించిన జర్మన్ సర్జన్ పసావాంట్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు.

చిన్నపిల్లల్లో ఇంకో సాయం ఉంటుంది, ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్. అంగిలి ఆ దిండుకి ఆనుకుని మూసుకుంటుంది. పెద్దవుతుంటే అడినాయిడ్స్ చిక్కిపోతాయి, అంగిలి మెల్లగా అలవాటు పడి ఇంకొంచెం వెనక్కి సాగుతుంది, ఏ ఇబ్బందీ రాదు. కానీ అంగిలి ముందే పొట్టిగా ఉన్న పిల్లలకి ఆపరేషన్ చేసి అడినాయిడ్స్ ఒక్కసారి తీసేస్తే ఆ దిండు పోయి మాట ముక్కులోకి వెళ్లిపోతుంది, అందుకే ఆపరేషన్‌కి ముందు అంగిలి చూడమని డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

ఇంకో కండ ఉంది, టెన్సర్, దాని ముఖ్యమైన పని మాట కాదు, చెవి. తిరుమల ఘాట్ ఎక్కుతుంటే చెవులు దిబ్బడేసి, గుటక వేయగానే టప్పుమని తెరుచుకుంటాయి చూశారా, ఆ తెరిచేది ఇదే. అందుకే అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకి చెవిలో నీరు చేరి వినికిడి మందగించడం చాలా ఎక్కువ. మాట గురించి వచ్చినవాళ్లని నేను మొదట చెవి పరీక్షకి పంపేది అందుకే, కొందరు విసుక్కుంటారు కూడా, కానీ వినపడనిది నోటికి రాదు.

అసలు సాధన

ఈ సాధన అంతా ఒకే కిటుకు మీద నడుస్తుంది, పెదవులూ నాలుకా కదలకుండా ఉంచి తలుపు ఒక్కటే కదిలించడం.

పెదవులు మూసుకుని "మ్మ్మ్మ్" అని సాగదీయండి. సాగుతుండగానే పెదవులు తెరవకుండా "బ" కి మారాలని మనసులో అనుకోండి. మోత ఒక్క క్షణం లోపలికి పోయి బుగ్గలు కొంచెం బిగిసి ఆగిపోతుంది. ముక్కులో గాలి ఆగింది చూశారా, అదే తలుపు పడిన క్షణం. మళ్లీ పెదవులు తెరవకుండానే మ కి రండి, గాలి ముక్కులోకి దిగుతుంది. మ్మ్మ్, బ్, మ్మ్మ్, బ్. మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు, రెండు మూడు రోజుల్లో ముక్కు వెనకాల చిన్న టక్ లాంటిది తెలుస్తుంది. ఆ టక్ దొరికితే ఈ పాఠం సగం వచ్చేసినట్టే.

తర్వాత నాలుక పళ్లకి ఆనించి అక్కడే ఉంచి న్, ద్, న్, ద్. తర్వాత ణ్, డ్. అన్నిటికంటే కష్టమైనదీ నాకు ఇష్టమైనదీ ఙ్, గ్. "గంగ" అనండి, చాలా నెమ్మదిగా. మొదటి గ కి నాలుక వెనక భాగం లేచి మెత్తటి అంగిలిని తాకుతుంది, అప్పుడు అంగిలి పైన ముక్కు దారి మూసి ఉంది. సున్న దగ్గర అదే అంగిలి నాలుక మీదకి దిగి కూర్చుంటుంది, ముక్కు తెరుచుకుంటుంది, రెండో గ కి నాలుకతో పాటే మళ్లీ పైకి లేస్తుంది. అంటే క వర్గంలో మెత్తటి అంగిలి ఒకేసారి రెండు పనులు చేస్తోంది, నాలుక ఆనుకోవడానికి గోడా తనే, ముక్కుకి తలుపూ తనే. పసిపిల్లలు ఈ క, గ దగ్గర తడబడి "తాతి", "దుడ్డు" అంటే కంగారు పడకండి, ఆ వయసుకి మామూలే.

ఇప్పుడు "రత్నం". త దగ్గర నాలుక పళ్లకి ఆనింది, న కి కూడా అక్కడే ఆనాలి, కాబట్టి నాలుక కదలక్కర్లేదు, త లో బిగిసిన గాలి తలుపు తెరుచుకుని ముక్కులోంచి చిన్నగా పేలి బయటకొస్తుంది. "రత్, న" అని విడగొట్టకుండా కలిపి పదిసార్లు అనండి, ఆ పేలుడు ముక్కు వెనక తెలుస్తుంది. ఊళ్లలో రత్నమ్మ "రత్తమ్మ" అవడం, రత్నాలు "రత్తాలు" అవడం ఊరికే కాదు, మధ్యలో తలుపు తీసే శ్రమ ఎందుకని నోరు ఆ పని మానేసింది.

అచ్చుల్లో కూడా ఒక తేడా ఉంది. "ఆ" కంటే "ఇ", "ఉ" లకి అంగిలి ఎక్కువ పైకి లేస్తుంది. కాబట్టి ముక్కులోకి గాలి పోతున్న మాట "ఆ" లో అంతగా తెలియకపోయినా "ఈ", "ఊ" లో బయటపడిపోతుంది. ముక్కు తెరిచి "ఈఈఈ" అంటూ, అంటుండగానే వేళ్లతో మూసి తెరిచి మూసి తెరిచి చూడండి. స్వరం మారకపోతే తలుపు బాగా పడుతోంది. మూసినప్పుడల్లా స్వరం మారుతుంటే కొంత గాలి అటు పోతోందన్నమాట.

వినడం, కొలవడం

పక్కవాళ్ల మాట పరీక్షించడానికి రెండు వాక్యాలు చాలు. ఒకదానిలో ముక్కు అక్షరం ఒక్కటి కూడా ఉండకూడదు, "పాపా, తలుపు తియ్యి" లేదా "తాత కాకికి కూడు పెట్టాడు". రెండో దానిలో దాదాపు అన్నీ ముక్కు అక్షరాలే, "మా మేనమామ నిన్న మీ అమ్మమ్మని అన్నాడు" లాంటిది. మొదటి వాక్యం ముక్కు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి అనిపించండి, రెండూ ఒకేలా ఉంటే మంచిదే. రెండో వాక్యం కూడా అలాగే చేయించండి, ఈసారి తేడా రావాలి. రాలేదంటే ముక్కే మూసుకుపోయి ఉంది, జలుబో అడినాయిడ్సో ముక్కులో ఇంకేదన్నా అడ్డమో. జనం ఈ రెండిటినీ కలిపేసి "ముక్కుతో మాట్లాడుతున్నాడు" అంటారు, కానీ ఒకటి ముక్కులోకి ఎక్కువ పోవడం, ఇంకోటి అసలు పోకపోవడం, రెండిటికీ వైద్యం వేరే వేరే.

కంటికి కనపడాలంటే స్టీల్ చెంచా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి తుడిచి ముక్కు కింద పట్టుకోండి. "పాపా, తలుపు తియ్యి" అంటే ఆవిరి పట్టకూడదు, "మా మామ" అంటే పట్టాలి. ఒక జాగ్రత్త, మాట మొదలుపెట్టాక చెంచా పెట్టి, మాట ఆగకముందే తీసేయండి, లేదంటే మామూలు ఊపిరికి పట్టిన ఆవిరి చూసి అనవసరంగా భయపడతారు. పిల్లలకైతే ఇంకా తేలిక పద్ధతి, వంగే స్ట్రా ఒక కొస పిల్లాడి ముక్కు రంధ్రం దగ్గర, ఇంకో కొస మీ చెవి దగ్గర పెట్టుకోండి, గాలి పోతుంటే చెవిలో బుస్సుమని వినపడుతుంది.

గాలి ఎంత బిగువుగా ఉండాలో తెలియడానికి ఒక గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా. స్ట్రా కొస నీటి మట్టానికి సరిగ్గా 5 సెం.మీ. లోపలికి ఉండేలా పట్టుకుని మెల్లగా ఊదండి, బుడగలు మొదలైన చోట నోట్లో ఒత్తిడి 5 సెం.మీ. నీటి ఒత్తిడి అన్నమాట. మామూలుగా మాట్లాడేటప్పుడు ప, త, క లాంటి అక్షరాలకి నోట్లో చేరే ఒత్తిడి సుమారు 5 నుంచి 8 సెం.మీ. ఉంటుంది, చాలా కొంచెం. కానీ ఆ కొంచెం నిలవాలంటే వెనక తలుపు పడాలి. ఆ తలుపు దగ్గర సుమారు 20 చదరపు మిల్లీమీటర్ల సందు మిగిలిపోతే చాలు, ఆ ఒత్తిడి నిలవదు, అంటే గుండ్రటి చిల్లు అనుకుంటే వెడల్పు 5 మి.మీ., మీ చేతిలో ఉన్న స్ట్రా అంత. అంత చిన్న సందుకి పిల్లాడి ప లు మ లు అయిపోతాయి, బ లు మ లు అయిపోతాయి, స బదులు ముక్కులోంచి గాలి బుస్సుమంటుంది.

ఊదించడం గురించి

ఈ స్ట్రా పని ఒత్తిడి అంటే ఏంటో అర్థం కావడానికి చెప్పా, రోజూ చేసే కసరత్తుగా కాదు. ఇది నేను చాలా గట్టిగా చెప్పాలనుకుంటున్న మాట. మన దగ్గర ముక్కుతో మాట్లాడే పిల్లలకి బెలూన్లు ఊదించడం, కొవ్వొత్తి ఆర్పించడం, పిల్లనగ్రోవి ఊదించడం, బుగ్గలు ఉబ్బించడం ఇప్పటికీ చేయిస్తూనే ఉన్నారు. నేనూ పనిలో చేరిన కొత్తలో ఒక పిల్లాడితో ఆరు నెలలు బెలూన్లు ఊదించా, వాడు బెలూన్ చక్కగా ఊదడం నేర్చుకున్నాడు, "పాప" అనమంటే మాత్రం "మామ" అనేవాడు. ఆ ఆరు నెలలు వాడికి తిరిగి ఇవ్వలేను, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

కారణం ఏంటంటే అంగిలి గుటకకి ఒకలా లేస్తుంది, ఊదడానికి ఒకలా, మాటకి ఒకలా. కండలు అవే అయినా వాటిని నడిపే పద్ధతి వేరు. మాటలో ఆ తలుపుని నడిపేది చెవి, పుట్టుకతో బొత్తిగా వినపడని పిల్లల్లో కొందరి మాట ముక్కుగా ఉంటుంది చూడండి, వాళ్ల అంగిలికి ఏ లోపమూ లేదు, ఎప్పుడు మూయాలో చెప్పే చెవి లేదంతే. పైగా ఊదేటప్పుడు కొందరు పిల్లలు నాలుక వెనక్కి ఎత్తి సందు మూసేసి గాలి నోట్లో నిలుపుతారు, బుడగలు వస్తాయి, మనం మెరుగైంది అనుకుంటాం. మాట మెరుగవ్వాలంటే మాటతోనే సాధన చేయించాలి, ఇంకో దారి లేదు.

మరి ఏం చేయాలి? ముందు అసలు రెండు రకాలు విడదీయాలి, తలుపు మూసుకోలేకపోవడం, తలుపు మూసుకోగలిగినా తప్పుగా నేర్చుకోవడం. రెండో రకం సాధనతో పోతుంది. ఉదాహరణకి కొందరు పిల్లలకి ప, త, క అన్నీ బాగుంటాయి, ఒక్క స, శ మాత్రమే ముక్కులోంచి వస్తాయి. అంటే తలుపు పని చేస్తోంది, ఆ అక్షరానికి దారి తప్పింది. వాళ్లకి ముక్కు మూసి "త్" అనిపించి, ఆ త్ ని పళ్లు దగ్గరగా పెట్టి సాగదీయమంటే "త్స్స్స్" వస్తుంది, గాలి నోట్లోంచి పోతున్న సంగతి నాలుకకి తెలుస్తుంది. కొన్నిసార్లు చేశాక వేళ్లు తీసి అదే అనిపించండి, తర్వాత త మెల్లగా వదిలేసి స ఒక్కటే ఉంచండి. ఆ తర్వాత "సీత", "సీసా", ఆపైన వాక్యాలు. ఒకే రోజు అరగంట కూర్చోబెట్టడం కంటే రోజుకి నాలుగైదు సార్లు రెండు నిమిషాల చొప్పున చేయించడం మేలు.

సాధనతో పోనిది

తలుపు మూసుకోలేకపోతే ఎంత సాధన చేసినా లాభం లేదు, ముందు రిపేరు కావాలి. పుట్టుకతో వచ్చే అంగిలి చీలికలో ఉయ్యాల కండలు మధ్యలో కలవవు, పోయి గట్టి అంగిలి వెనక అంచుకి అతుక్కుని ఉంటాయి, అప్పుడు చీర రెండు ముక్కలై చెరో గోడకి కట్టినట్టు, ఎంత బిగిసినా జోలె లేవదు. ఆపరేషన్‌లో పైన చర్మం కుట్టడంతో పాటు ఆ కండల్ని విడదీసి వెనక్కి తిప్పి మధ్యలో కలపాలి, మాట దాని మీదే ఆధారపడుతుంది. మామూలుగా అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు, బిడ్డ మాటలు మొదలుపెట్టే వేళకి తలుపు సిద్ధంగా ఉండాలని. కొందరికి తర్వాత ఇంకో ఆపరేషన్ అవసరం పడొచ్చు, అది ఎవరి తప్పూ కాదు.

పెదవి, అంగిలి చీలికలు కలిపి చూస్తే ప్రపంచంలో సుమారు 700 కాన్పుల్లో ఒకటి ఇలా ఉంటుంది. మన దగ్గర దీన్ని గ్రహణం మొర్రి అని, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని తల్లిని అంటారు. పెదవి ఏడో వారానికల్లా అతుక్కోవాలి, అంగిలి పన్నెండో వారానికల్లా, ఆ తొలి వారాల్లో కలవకపోతే చీలిక మిగులుతుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఆ మాట విని ఏళ్ల తరబడి కుమిలిపోయిన తల్లుల్ని చూశా, దయచేసి మీ ఇళ్లలో ఆ మాట ఆపండి.

దాగి ఉండే చీలిక ఇంకా మోసం చేస్తుంది. పైన చర్మం అతికే ఉంటుంది, లోపల కండ కలిసి ఉండదు. కొండనాలుకని చూడాల్సిన సందర్భం ఉందన్నా కదా, అది ఇదే, కొండనాలుక రెండుగా చీలి ఉండటం, అంగిలి మధ్యలో పలచగా నీలం గీతలా కనపడటం, గట్టి అంగిలి వెనక అంచులో వేలికి చిన్న నొక్కు తగలడం, ఇవి గుర్తులు. చీలిన కొండనాలుక ఉన్న అందరికీ మాట ఇబ్బంది ఉండదు, కానీ పసితనంలో పాలు ముక్కులోంచి రావడం, ప బ త లకి బదులు మ న లు రావడం, క అనాల్సిన చోట గొంతులో ఆపేసి మింగినట్టు పలకడం, ఇవి కూడా ఉంటే ఆగకండి. ఈ గొంతులో ఆపే అలవాటు ముఖ్యం, పైన గాలి నిలవదు కాబట్టి పిల్లాడు కింద గొంతులోనే అక్షరం తయారుచేసుకుంటాడు, ఆపరేషన్ అయ్యాక కూడా ఆ అలవాటు దానంతట అది పోదు, థెరపీతో మార్పించాలి. మా బంధువుల పిల్లాడికి ఒకచోట "నాలుక కింద తీగ కోస్తే మాట వచ్చేస్తుంది" అని కోసేశారు, ఇంకోచోట వస కొమ్ము రాయమన్నారు, నాలుగేళ్లు పోయాయి. నాలుక కింద తీగకీ ముక్కు తలుపుకీ సంబంధం లేదు.

ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) 2013లో మొదలైంది, అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని చూసే ఆ బృందాలు వెతకాల్సిన లోపాల్లో పెదవి అంగిలి చీలిక ఉంది, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి (ఇలాంటి లోపాల్ని తొందరగా పట్టి చికిత్స మొదలుపెట్టే కేంద్రానికి) పంపిస్తారు. ఉచిత ఆపరేషన్లకి స్మైల్ ట్రెయిన్ లాంటి సంస్థలు డబ్బు ఇస్తాయి. మాట పరీక్షకి సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది.

పెద్దవాళ్ల విషయం ఒక్క ముక్కలో. మొన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి ముక్కుతో మాట్లాడుతూ, నీళ్లు తాగితే ముక్కులోకి వస్తుంటే సాధన కాదు, వెంటనే ఆసుపత్రి. పక్షవాతం కావచ్చు, నరాల జబ్బు కావచ్చు. పిల్లల్లో కంఠసర్పి (డిఫ్తీరియా) వచ్చి తగ్గాక కూడా అంగిలి కండ చచ్చుబడటం ఉంది, టీకా వేయించడానికి అదొక కారణం.

ఈ వారం పని

పొద్దున పళ్లు తోముకున్నాక మ్ బ్, న్ ద్, ణ్ డ్, ఙ్ గ్ జతలు ఒక్కోటి పదిసార్లు, పెదవీ నాలుకా కదలకుండా. మూడో రోజు నుంచి "గంగ", "రత్నం", "పంపు" కలపండి, వేగం పెంచడం తొందరేం లేదు. సాయంత్రం మీ గొంతు ఫోన్‌లో రికార్డ్ చేయండి, "తాత కాకికి కూడు పెట్టాడు" ముక్కు తెరిచి రెండుసార్లు, మూసి రెండుసార్లు, ఏది ఏదో ముందు చెప్పకుండా ఇంట్లోవాళ్లకి వినిపించి గుర్తుపట్టమనండి. వాళ్లు తేడా చెప్పలేకపోతే మీ తలుపు బాగా పడుతున్నట్టే. తేడా చెప్పేస్తే, జలుబు లేని రోజు చూసి మళ్లీ రికార్డ్ చేయండి, అప్పుడు కూడా తెలిసిపోతుంటే దగ్గర్లో ఉన్న స్పీచ్ థెరపిస్ట్‌కి ఆ రికార్డింగే వినిపించండి. రికార్డింగులు చెరిపేయకండి, నాలుగో పాఠంలో నాలుక దగ్గరకి వెళ్లినప్పుడు వాటితోనే మొదలుపెడతాం.